కాజాల అక్కకు చెప్పాల్సిన మాట

బజారులో అందరూ ఆమెను కాజాల అక్క అనేవారు. చొక్కాలు కుట్టే దుకాణంలో పద్నాలుగేళ్లు కాజాలు కుట్టింది. పుట్టు చెవుడు. బడికి వెళ్లి చదవడం, రాయడం నేర్చుకుంది. ఎదుటివాళ్ల పెదాలు, చేతులు చూసి మాట పట్టుకునేది. ముప్పై దాటాక చూపు అంచుల నుంచి మసకబారుతూ వచ్చి, నలభై నిండేసరికి పూర్తిగా పోయింది.

పని మానేసి కిటికీ పక్క కుర్చీలో కూర్చునేది. అమ్మ వచ్చి దవడ మీద తడితే భోజనం. భుజం మీద రెండుసార్లు తడితే స్నానం. సాయంత్రం తల దువ్వేది. రోజు మొత్తానికి అంతే మాటలు. ఏడుపూ రాలేదు, కోపమూ రాలేదు. ఏళ్లు అలాగే గడిచాయి.

ఒకరోజు అమ్మకు గుండెనొప్పి వచ్చింది. రెండు రోజులు ఆస్పత్రిలో ఉండి కన్నుమూసింది. శవాన్ని ఇంటికి తేలేదు, అటునుంచి అటే తీసుకెళ్లారు.

"అక్కకు ఎలా చెప్పాలి పిన్నీ?" అన్నాడు తమ్ముడు. బస్సుల డిపోలో మెకానిక్ అతను.

"చెప్పే దారేదిరా? కొన్నాళ్లు పోనీ."

ఆ కొన్నాళ్లు మూడు వారాలయ్యాయి. కాజాల అక్క తన గడ్డం మీద వేలు పెట్టుకుని చూపించేది. అక్కడ పుట్టుమచ్చ ఉన్న మనిషి అమ్మ. ఏదని అడుగుతోందని అందరికీ అర్థమయ్యేది. తమ్ముడు ఆమె చెయ్యి పట్టుకుని లేదన్నట్టు అటూ ఇటూ ఊపేవాడు. కాసేపాగి మళ్లీ అడిగేది.

చివరికి అతను అక్క చదివిన బడికి వెళ్లాడు. పెద్ద టీచరు గారు అంతా విన్నారు.

"ఆవిడకు అక్షరాలు వచ్చు కదా బాబూ. అరచేతిలో వేలితో రాయండి."

"ఒత్తులు ఎలాగండీ?"

"ఒత్తు మణికట్టు మీద రాయండి. మాట అయిపోగానే చెయ్యి తుడిచినట్టు చేయండి."

ఇంత చిన్న సంగతి ఇన్నేళ్లూ తట్టనందుకు అతనికి తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చి అక్క చెయ్యి తీసుకున్నాడు. అ. మ. మణికట్టు మీద మ ఒత్తు. అక్క తల ఊపింది. తర్వాతి మాటకు వేలు కదల్లేదు.

"రాసెయ్యండి. ఆపితే ఇంకా కష్టం," అంది అతని భార్య.

పోయింది, అని రాశాడు.

కాజాల అక్క అతని చెయ్యి తిప్పి అరచేతిలో రాసింది. "తెలుసు. తల దువ్వే చెయ్యి మారింది."

తర్వాత తన దవడ తనే తట్టుకుంది. మరదలు భోజనం పెట్టింది. ఎప్పుడూ తినేంతే తింది.

ఆ నెలలోనే ఇంటిల్లిపాదీ అరచేతిలో రాయడం నేర్చారు. మరదలు తప్పు రాస్తే అక్క తుడిచేసి సరిగ్గా రాసి చూపించేది. పిన్ని రాత కోడి గీకినట్టుందని తమ్ముడికి ఫిర్యాదు చేసింది. దుకాణం దర్జీ కూడా వచ్చి, తడబడుతూ "పని ఉంది" అని రాశాడు. "గుడ్డ తెండి," అని రాసింది. ఒకప్పుడు రోజుకు అరవై కాజాలు కుట్టిన చెయ్యి, ఇప్పుడు తడుముకుంటూ ఎనిమిది కుడుతుంది.

ఈమధ్య తమ్ముడు ఆమె అరచేతిలో రాసి అడిగాడు. "దిగులుగా ఉందా అక్కా?"

ఆమె అతని చెయ్యి తిప్పింది.

"దిగులు ఇంకా రాలేదు," అని రాసి, సూదిలో దారం ఎక్కించమని అందించింది.