చెప్పి ఎత్తిన చెయ్యి

మా నర్సింగు కాలేజీలో ఒక బొమ్మ ఉంది. మనిషంత పొడవు, రబ్బరు ఒళ్ళు, ఎడమ చెవి ఎప్పుడో ఊడిపోయింది. ఇరవై రెండేళ్ళుగా నేను పిల్లలకు ఒళ్ళు తుడవడం, పక్కకు తిప్పడం, దుప్పటి మార్చడం దాని మీదే నేర్పుతున్నాను. నేర్పేటప్పుడు క్లాసులో చీమ చిటుక్కుమన్నా ఊరుకునేదాన్ని కాదు. "చేతులు పని చేస్తుంటే నోరు సెలవు తీసుకోవాలి" అనేదాన్ని. ఆ మాట మీద నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

ఒక బ్యాచిలో బస్సు కండక్టరు గారమ్మాయి ఉండేది. అందరూ దాన్ని వాగుడుకాయ అనేవారు. వాళ్ళ నాన్న రోజంతా "ముందుకి జరగండి, ముందుకి జరగండి" అని అరిచాక మిగిలిన గొంతంతా కూతురికి ఇచ్చేశాడేమో అనిపించేది. బొమ్మకి జ్వరం చూస్తూ కూడా కబుర్లే. "ఈవిడకి ఒక చెవి లేదు మేడం, సగమే వినిపిస్తుంది లెండి" అనేది. నవ్వు ఆపుకుని బయట నిలబెట్టేదాన్ని. మూడేళ్ళు తిట్టి తిట్టి దాని నోటికి తాళం వేశాను. నాలుగో ఏడు వచ్చేసరికి పెదవి మెదపకుండా, మెడ నుంచి మడమ దాకా తుడిచి, ముడత లేకుండా దుప్పటి పరిచేది. విదేశంలో ఒక ఆసుపత్రిలో మూడు నెలల శిక్షణకు ఒక్కరిని పంపమంటే, ఆలోచించకుండా దాని పేరు రాశాను.

ప్రయాణానికే రెండు రోజులు పట్టింది. మూడు విమానాలు, చివర్లో నాలుగు గంటల బస్సు. మధ్యలో ఒక విమానాశ్రయంలో పదకొండు గంటలు పెట్టె కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చుందట. లేచి వెళితే పెట్టె ఎవరెత్తుకుపోతారోనని నీళ్ళు కూడా తాగలేదు. ఆ రెండు రోజుల్లో దాని నోటి నుంచి వచ్చినవి ఆరే మాటలు, ఆరూ థాంక్యూలే. గదికి చేరాక నాకు ఫోను చేసి, "నా గొంతు నాకే కొత్తగా ఉంది మేడం" అంది.

గదిలో ఒక మంచం, ఒక బల్ల. కిటికీ తెరిస్తే ఎదురు భవనం గోడ. పక్క గదుల్లో మనుషులున్నారని తలుపుల చప్పుడు వల్ల తెలిసేది, ముఖాలు మాత్రం తెలియవు. సెలవు రోజున ఉతికిన బట్టలే మళ్ళీ ఉతుక్కునేది. లిఫ్టులో ఎవరైనా తలూపితే ఆ సంగతి నాకు పనిగట్టుకుని చెప్పేది. వాళ్ళ నాన్నతో "బాగున్నాను నాన్నా" అని రెండు ముక్కల్లో తేల్చి, ఏడుపంతా నా కోసం దాచిపెట్టేది.

ఆసుపత్రిలో దానికి పద్దెనిమిది పనులున్న కాగితం ఇచ్చారు. ఒక్కో పని చూసి అక్కడి పెద్ద నర్సు సంతకం పెట్టాలి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా శిక్షణ చెల్లదు, ఇక్కడ ఏడాది చదువు పోతుంది. రెండు నెలల్లో పదిహేడు సంతకాలు పడ్డాయి. మిగిలింది రోగికి ఒళ్ళు తుడవడం. అది విని నేను నవ్వాను. అది దానికి వెన్నతో పెట్టిన విద్య.

గోడవారి మంచం మీద ఒక ముసలాయన ఉండేవాడు, ఒకప్పుడు టైలరు. తలలో రక్తనాళం చిట్లి, నెలలుగా స్పృహ లేదు. చూడటానికి వచ్చేవాళ్ళు కూడా లేరు. మా పిల్ల ఆయన ఒళ్ళు శుభ్రంగా తుడిచి, చేతులు కట్టుకుని నిలబడింది. పెద్ద నర్సు జేబులోంచి కలం తీయలేదు.

"చెయ్యి ఎత్తేముందు ఆయనకి చెప్పావా?"

"ఆయనకి తెలివి లేదు కదండీ."

"నేనడిగింది అది కాదు. చెప్పావా, లేదా?"

"లేదండీ."

"సామాను తుడిచినట్టు తుడిచావు. సంతకం పెట్టను."

ఆ సంగతి వినగానే నాకు ఒళ్ళు మండిపోయింది. "స్పృహ లేనివాడికి చెప్పడమేమిటే, చోద్యం కాకపోతే!" అన్నాను. ఫోను పెట్టేశాక కోపం తగ్గి సిగ్గు మొదలైంది. నేను నేర్పింది బొమ్మ మీద. అది మనిషిని కూడా బొమ్మలాగే తుడిచింది.

మర్నాటి నుంచి ఆయనకి చెప్పడం మొదలుపెట్టింది. ముందు వాళ్ళ భాషలో, పుస్తకంలో ఉన్నట్టు: ఇప్పుడు మీ కుడి చెయ్యి, ఇప్పుడు మీ వీపు. నాలుగు రోజులకి వచ్చిన ముక్కలన్నీ అయిపోయి తెలుగులోకి దిగింది.

"తాతగారూ, నీళ్ళు గోరువెచ్చగానే ఉన్నాయి, ఉలిక్కిపడకండి. ఈ యూనిఫారం చూడండి, మా టైలరు చేతులు ఎంత బిగించేశాడో! చెయ్యెత్తితే కుట్లు పటపటమంటున్నాయి. మీరైతే ఇలా కుట్టేవారా?"

పెద్ద నర్సు అప్పుడప్పుడు గుమ్మం దగ్గర ఆగి వినేది. "కాగితం కోసం చెప్తున్నావో, ఆయన కోసం చెప్తున్నావో నాకింకా తెలీలేదు" అని వెళ్ళిపోయేది. మొండిఘటం. నేనే మొండిదాన్ననుకుంటే, నన్ను తలదన్నేది అక్కడుంది.

"ఇవాళ ఎవరితో మాట్లాడావే?" అని అడిగితే, "తాతగారితో మేడం" అనేది. అంత ఊళ్ళో దాని మాటలకు దొరికిన మనిషి ఒక్కడు, ఆయనా వింటున్నాడో లేదో తెలియదు.

తిరుగు ప్రయాణానికి ఇంకా రెండు రోజులుంది. మర్నాటి నుంచి పెద్ద నర్సుకి సెలవు. ఆ పొద్దున వార్డుకి వెళ్ళేసరికి టైలరు మంచం చుట్టూ తెర వేసి ఉంది. ఆయన అరగంట క్రితమే పోయాడు. ఒళ్ళు కడిగి పంపడానికి అయినవాళ్ళెవరూ లేరు, నర్సులే చెయ్యాలి. పెద్ద నర్సు ఒక పక్క, ఇది ఒక పక్క నిలబడ్డారు. మా పిల్ల నీళ్ళ వేడి మోచేత్తో చూసుకుంది.

"తాతగారూ, ముఖం తుడుస్తున్నాను. ఇప్పుడు కుడి చెయ్యి ఎత్తుతున్నాను. ఇప్పుడు నా వైపుకి తిప్పుతాం, నేను పట్టుకునే ఉన్నాను, పడిపోరు."

పెద్ద నర్సు అడ్డు చెప్పలేదు. ముడత లేకుండా దుప్పటి కప్పాక, కాగితం అడిగి తీసుకుని పద్దెనిమిదో గడిలో సంతకం పెట్టింది.

ఫోనులో ఇది విని ముందు సంతోషం పట్టలేకపోయాను. ఏడాది దక్కింది. తరవాత నా పంతులమ్మ బుద్ధి ఊరుకోలేదు.

"పోయినాయనకి చెప్పడం ఎందుకే? ఎవరు చెప్పమన్నారు?"

"చెప్పకుండా ఎత్తడానికి చేతులు రాలేదు మేడం. ఇంకా రెండు రోజులుండాలి కదా ఇక్కడ. ఇక ఎవరితో చెప్పను?"

ఆ రెండు రోజులూ పూటకోసారి నేనే ఫోను చేశాను. ఏం చేస్తున్నావే అని అడిగేదాన్ని.

"పెట్టె సర్దుతున్నాను మేడం. ఇప్పుడు చీరలు అడుగున పెడుతున్నాను. ఇప్పుడు మూత వేస్తున్నాను, పడట్లేదు, మీద కూర్చుంటున్నాను."

నేను నోరు మూసుకుని వింటూ కూర్చున్నాను.