పురికొసకు అవతలి చివర

వెర్లా హాక్స్‌బీ ఇరవై ఏడు వేసవులు నేల మీద పడుకోలేదు. జూన్ మొదటివారంలో మంచె ఎక్కేది, సెప్టెంబరులో తొలి మంచు పడ్డాక దిగేది. ఐడహో కొండల్లో తొమ్మిదివేల అడుగుల ఎత్తున, నాలుగు స్తంభాల మీద నిలబెట్టిన గాజుగది ఆ మంచె. లోపల ఒక మంచం, ఒక పొయ్యి, నడిమధ్యలో దిక్కు కొలవడానికి డిగ్రీలు గీసిన ఇనప చక్రం, పిడుగులు పడే వేళ ఎక్కి నిలబడటానికి గాజుకాళ్ల పీట. పావుగంటకోసారి చుట్టూ ఉన్న అడవిని ముక్కలు ముక్కలుగా చూడాలి. పొగ కనబడితే ఆ క్షణమే రేడియోలో దిక్కు, దూరం, రంగు చెప్పాలి. అటునుంచి ఒక గొంతు "అందింది" అంటుంది. అంతే పని. మొగుడు పోయిన ఏడాది, కొడుకు లమార్‌కి పదిహేడేళ్లప్పుడు, ఆమె ఆ పనిలో చేరింది. డెబ్భయ్యో ఏట దిగిపోయింది.

ఎందుకు దిగావని అడిగిన వాళ్లందరికీ ఒకటే జవాబు చెప్పేది. కెమెరాలు పెడుతున్నారు, ఇంక మనిషితో పనేముంది, అని. అందరూ కెమెరాలను తిట్టి ఊరుకునేవారు.

లోయలో ఆమె ఇల్లు చిన్నది. వంటింటి కిటికీలోంచి పక్కింటివాళ్ల రేకుల షెడ్డు, దాని పక్కన జానెడు రోడ్డు కనిపిస్తాయి. మూడేళ్లుగా ఆమె ఆ జానెడు రోడ్డునే చూస్తోంది. నాలుగు వీధుల అవతల ఉండే లమార్ ఫోన్ చేసినప్పుడల్లా ఏ బండి ఎటు పోయిందో చెప్పేది. అతను కాసేపు విని, "అమ్మా, ఎర్ర పికప్పు పోతే ఊరికి నిప్పంటుకోదే" అని నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది. మర్నాడు మళ్లీ చెప్పేది.

ఆ జనవరిలో లమార్ భుజానికి ఆపరేషన్ అయింది. దానివల్ల ఎక్కువ ఇబ్బంది పడ్డవాడు అతని స్నేహితుడు థేన్. చలికాలంలో కౌంటీ రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు థేన్. శనివారాలు మాత్రం కయోటీల వేట. తోడేలుకి తమ్ముడూ నక్కకి అన్నా లాంటి ఆ జంతువంటే గొర్రెలవాళ్లకి కంటగింపు. మార్చిలో గొర్రెలు ఈనడం మొదలయ్యేలోపు కొన్నిటినైనా తగ్గించమని బీజ్లీ కుటుంబంవాళ్లు ఏటా థేన్‌ని పిలుస్తారు. చావుకేక పెట్టే కుందేలులా పీక ఊది వాటిని రప్పించాలి. కయోటీ తిన్నగా రాదు. చుట్టు తిరిగి, వాసన పట్టడానికి గాలివాలుకి, అంటే వేటగాడి వీపు వెనక్కి వస్తుంది. అందుకని ఇద్దరుండాలి. ఒకడు ముందుకి చూస్తూ ఊదుతాడు. రెండోవాడు వెనక్కి చూస్తూ కదలకుండా కూర్చుంటాడు. పద్దెనిమిది చలికాలాలుగా ఆ రెండోవాడు లమార్.

"మా అమ్మని తీసుకుపో. కూర్చోవడం, చూడటం తప్ప జీవితంలో ఇంకేం చెయ్యలేదావిడ" అన్నాడు లమార్, హాస్యానికి. ఆ మాట ఎలాగో వెర్లా చెవిన పడింది. ఆ సాయంత్రమే థేన్‌కి ఫోన్ చేసి ఎన్నింటికి తయారుగా ఉండాలని అడిగింది. ఏడేళ్ల వయసు నుంచీ ఆమె వంటింట్లో తిని పెరిగిన థేన్ కాదనలేకపోయాడు.

శనివారం ఆరున్నరకి ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. లమార్ తెల్లటి వేటకోటు తొడుక్కుని, దాని చేతులు రెండు మడతలు పైకి మడిచింది. సంచిలో ఫ్లాస్కు, ఆరు గుడ్డు శాండ్‌విచ్‌లు ఉన్నాయి. ఆ వాసనకి పీక ఊదకుండానే కయోటీలు వచ్చేస్తాయన్నాడు థేన్. ఆమెకి నవ్వు రాలేదు. రాత్రంతా సరిగా పడుకోలేదు. బాగా చూస్తే మళ్లీ పిలుస్తాడు, లేకపోతే ముసలావిడని ఓసారి షికారు తిప్పినట్టవుతుంది. ఆ రెంటికీ మధ్య ఈ ఒక్క రోజే ఉందని ఆమెకి తెలుసు.

మొదటి చోటు ఒక వాగు గట్టు. సేజ్ పొదలకి ఆనుకుని ఇద్దరూ వీపులు కలిపి కూర్చున్నారు. థేన్ పీక ఊదడం మొదలెట్టాడు. ఆమె చూడటం మొదలెట్టింది. కుడి నుంచి ఎడమకి, దగ్గర నుంచి దూరానికి, ముక్క తర్వాత ముక్క. మూడేళ్ల తర్వాత కళ్ల ముందు మైళ్లకొద్దీ నేల. ఎనిమిదో నిమిషంలో, మంచు మీద బూడిదరంగు మచ్చ ఒకటి కదిలింది. ఆమె లోపలి మనిషి ఇరవై ఏడేళ్లు ఏం చేసిందో అదే చేసింది. స్పష్టంగా, రేడియోలో చెప్పే గొంతుతో పైకి చెప్పింది.

"రెండొందల పది డిగ్రీలు. నూట యాభై గజాలు. ఒక్కటే. ఇటే వస్తోంది."

పీక ఆగిపోయింది. థేన్ తిరిగి చూసేసరికి కయోటీ సరిగ్గా రెండొందల పది డిగ్రీల్లోనే ఉంది, కాకపోతే తోక ఇటు తిప్పి పరిగెడుతోంది.

"వెర్లా గారూ, అది విన్నది నేనొక్కణ్ణే కాదండీ" అన్నాడు.

ఆమె మొహం కందిపోయింది. క్షమించమని రెండుసార్లు చెప్పింది. థేన్ భుజాలు ఊగేలా నవ్వుతూ పికప్పు దగ్గరికి పోయి, గడ్డిమోపులు కట్టే పురికొస రెండు బారలు కోసుకొచ్చాడు. ఒక చివర తన బెల్టుకి, రెండో చివర ఆమె వేలికి. కయోటీ కనబడితే ఆమె ఒకసారి లాగాలి. తనకి తెలిసిందని చెప్పడానికి అతనూ ఒకసారి లాగుతాడు. దాని తల ఏ పొద వెనక్కో పోయినప్పుడు ఆమె రెండుసార్లు లాగాలి. అప్పుడు అతను తిరుగుతాడు. అంతవరకూ నోరు మెదపకూడదు.

రెండో చోట ఇరవై నిమిషాలు కూర్చున్నారు. పురికొస కదలలేదు. ఏమీ రాలేదనుకుని లేచారు. పికప్పు వైపు నాలుగడుగులు వేశాక థేన్ ఆగిపోయాడు. ఆమె కూర్చున్న చోటికి ఎడమపక్కన, ఇరవై అడుగుల దూరంలో, మంచులో కొత్త అడుగులు ఉన్నాయి. కయోటీ అక్కడిదాకా వచ్చింది. కూర్చుంది కూడా. తోక ఆనిన గుర్తు మెత్తటి మంచు మీద విసనకర్రలా ఉంది. వాళ్లని తీరిగ్గా చూసి, వచ్చినదారినే వెళ్లిపోయింది.

థేన్ ఆ అడుగుల వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. ఏమీ అనకుండా తుపాకీ భుజానికి తగిలించుకున్నాడు. అతను ఏదైనా అని ఉంటే ఆమెకి తేలిగ్గా ఉండేది.

పికప్పు ఎక్కారు. మైలున్నర పోయాక దారి చీలుతుంది. కుడివైపు ఊరు, ఎడమవైపు బీజ్లీల పై పచ్చిక. చీలిక దగ్గర థేన్ బండి ఆపి శాండ్‌విచ్ విప్పాడు. తినడానికే ఆగాడో, ఆలోచించడానికి ఆగాడో ఆమెకి తెలియలేదు. అతను సగం తినేదాకా చూసి, అద్దంలోంచి ముందుకి చూస్తూనే చెప్పింది.

"కెమెరాలు నన్ను దింపలేదు నాయనా. నేనే దిగాను."

ఎడమ కంటికి ఎడమ అంచున ఒక మసక మచ్చ. మొదట ఆవగింజంత ఉండేది, ఏటా కాస్త పెరిగింది. అలవాటుపడి, తల తిప్పి చూడటం నేర్చుకుంది. ఆఖరి వేసవిలో ఒక మధ్యాహ్నం ఎడమవైపు రిడ్జి మీద, అంటే కొండ వెన్ను మీద, పొగ లేచింది. ఆమె ఆ ముక్కని చూసింది, ఏమీ లేదనుకుంది. నలభై నిమిషాల తర్వాత అటుగా పోయే విమానంవాడు చెప్పాడు. రేడియోలో వేరేవాడి గొంతుతో ఆ దిక్కు, దూరం విన్నప్పుడు చక్రం మీద వేలు పెట్టి చూసుకుంది. తను అప్పుడే చూసి వదిలేసిన చోటే. ఎవరికీ ఏమీ కాలేదు. అరవై ఎకరాల చెట్లు పోయాయి. ఆమెని ఎవరూ ఏమీ అడగలేదు కూడా. పొగ మబ్బులో కలిసిపోయి ఉంటుందన్నారు. ఆ సెప్టెంబరులో దిగి, ఇంక రానని కాగితం రాసిచ్చింది. మరుసటేడు కెమెరాలు పెట్టడం ఆమెకి కలిసొచ్చింది.

"లమార్‌కి తెలుసా?"

"లేదు."

"కారు నడుపుతున్నారు కదా."

ఆమె ఒడిలోని ఫ్లాస్కు మూత బిగించింది.

థేన్ మిగతా శాండ్‌విచ్ తిన్నాడు, కాగితం ఉండచుట్టి డాష్‌బోర్డు మీద పెట్టాడు. "కుడికన్ను ఎలా ఉంది?"

"కుడికన్ను పద్దెనిమిదేళ్ల పిల్లది" అంది వెర్లా.

"మీ అబ్బాయి ఒక ఏడు రెండు కళ్లూ మూసుకుని గురకపెట్టాడండీ. కయోటీ వచ్చి ఆ గురక విని ఏ జంతువో అని పారిపోయింది. దాంతో పోలిస్తే ఒక కన్ను చాలా ఎక్కువ." గేరు మార్చి, బండిని ఎడమవైపు పోనిచ్చాడు.

మూడో చోట ఏమీ రాలేదు. ఈసారి నిజంగానే రాలేదు. థేన్ చుట్టూ తిరిగి మంచు చూసొచ్చాడు. ఆమె ఆ వెతకడాన్ని పికప్పులోంచి చూసింది. తప్పు పట్టలేదు. తనైనా అదే చేసేది.

నాలుగో చోటు ఎంచుకోవడానికి థేన్ చాలాసేపు తీసుకున్నాడు. రెండుసార్లు దిగి గాలి చూసుకుని మళ్లీ ఎక్కాడు. చివరికి ఒక రాతిగోడ పక్కన కూర్చోబెట్టాడు. గోడ ఆమెకి ఎడమవైపు, మనిషి ఎత్తుకి మూడింతలుంది. అటునుంచి ఏదీ రావడానికి లేదు. వచ్చేదేదైనా కుడివైపు పచ్చికలోంచే రావాలి. ఆ చోటు ఎందుకో అతను చెప్పలేదు. ఆమె అడగలేదు. వేలికి పురికొస చుట్టుకుంది.

పొద్దు పడమటికి వాలుతోంది. పొదల నీడలు మంచు మీద నీలంగా సాగుతున్నాయి. వీపు వెనక కుందేలు చావుకేక ఆగి ఆగి వినబడుతోంది. ఆమె కుడికంటితో నేలని ముక్కలు చేసుకుని చూస్తోంది. కంచె దాకా. కంచె నుంచి పాత నీటితొట్టి దాకా. తొట్టి నుంచి వాలు దాకా. మంచె మీద ఇలాగే ఉండేది. పగలంతా ఒక్క మనిషి కనబడడు, అయినా ఎక్కడో ఒక గొంతు తన మాట కోసం కాచుకుని ఉంటుంది. ఇంటికొచ్చాక మనుషులు కనబడుతున్నారు. కాచుకున్నవాళ్లు లేరు.

పద్నాలుగో నిమిషంలో తొట్టి పక్కన నీడ ఒకటి రెండయింది.

గొంతుదాకా మాట వచ్చింది. ఎనభై ఐదు డిగ్రీలు. దాన్ని మింగేసింది. వేలు ఒకసారి లాగింది.

ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత పురికొస బిగిసి, వేలి మీద ఒకసారి మెల్లిగా లాగినట్టయింది.

ఆమె కళ్లు చెమర్చాయి. అది ఆ సమయానికి పనికిరాని సంగతి. రెప్పవేస్తే దాన్ని పోగొట్టుకుంటానని రెప్ప వెయ్యలేదు. కయోటీ పదడుగులు వచ్చి ఆగింది. తల ఎత్తి గాలి పట్టింది. మళ్లీ కదిలింది. ఒక పెద్ద పొద అడ్డం వచ్చింది. దాని ముక్కు, కళ్లు, చెవులు ఒకదాని వెనక ఒకటి పొద చాటుకి పోయాయి. ఆమె రెండుసార్లు లాగింది. వీపు వెనక వెచ్చదనం తొలగింది. పొద ఇవతలికి దాని తల వచ్చేసరికి తుపాకీ గొట్టం ఆమె భుజం పక్కన ఉంది.

చప్పుడుకి కుడిచెవి గుయ్యిమంది. కయోటీ ఉన్నచోటే కూలిపోయింది. పొదల్లో పడ్డదాన్ని వెతకడం ఎప్పుడూ కష్టమే. ఆమె దారి చెప్పింది, థేన్ తిన్నగా దాని దగ్గరికి నడిచాడు. మగది. ఒక చెవి పాతగాయంతో చీలి ఉంది. వెర్లా దాని పక్కన నిలబడి కాసేపు చూసింది. చలికాలపు బొచ్చు మందంగా, గాలికి అటూఇటూ విడిపోతోంది. ఇన్నేళ్లు మంచె మీద రాత్రిళ్లు వీటి అరుపులు వింటూ పడుకుంది. ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ఏదైనా అనాలని థేన్ ఎదురుచూస్తున్నట్టు తోచింది. అది ఇంత తేలికైన జంతువని అనుకోలేదంది, అతను ఎత్తి భుజాన వేసుకున్నాక.

ఇంటి ముందు దింపుతూ థేన్, "వచ్చే శనివారం ఆరున్నరకే. హారన్ కొట్టను, మీ పక్కింటి కుక్క ఊరంతా లేపుతుంది" అన్నాడు. పురికొస తీసి అద్దానికి వేలాడదీసుకున్నాడు.

లోపలికి వచ్చి బూట్లు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చుంది, పది నిమిషాలకి ఫోన్ మోగింది. ఆరు గంటలు. మంచె మీదైతే సాయంత్రపు రేడియో వేళ.

"ఏమ్మా, కయోటీకి వార్తలు చదివి వినిపించావట" అన్నాడు లమార్. "థేన్ ఫోన్లో నవ్వలేక చచ్చాడు."

"ఇంకేం చెప్పాడు?"

"గోడ పక్కన కొట్టినదాని గురించి. ఇంకేముంది?"

అంటే మిగతాది చెప్పలేదు. చెప్పాల్సినవాళ్లకి వదిలేశాడు. వెర్లా గోడకానుకుని నిలబడింది. కిటికీ అవతల రేకుల షెడ్డు మీద చీకటి పడుతోంది. గొంతు సవరించుకుని, పాత అలవాటు ప్రకారం వరసలో చెప్పింది.

"నాలుగు చోట్ల కూర్చున్నాం. మూడు వచ్చాయి. ఒకదాన్ని నోరు జారి పోగొట్టాను. ఒకదాన్ని థేన్ కొట్టాడు. ఒకటి నేను చూడలేదు, లమార్. ఎడమవైపు నుంచి వచ్చింది. ఇరవై అడుగులు." ఊపిరి తీసుకుంది. "ఆఖరి ఏడు రిడ్జి మంట కూడా ఎడమవైపే. కెమెరాలు ఆ తర్వాత వచ్చాయి."

అటువైపు టీవీ మోగుతూ ఉంది. అది ఆగిపోయింది.

ఆమె కాచుకుంది.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు చివరికి.

చెప్పింది.

తర్వాత అతని గొంతు, హాస్యం లేకుండా, తండ్రి గొంతులా వచ్చింది. "రేపు చర్చికి నువ్వు కారు తియ్యకు. నేనొచ్చి తీసుకెళతాను. కారు తాళాలు కూడా అప్పుడే తీసుకుంటానమ్మా."

పాత రోజుల్లో, రేడియోలో విన్నట్టు బదులు చెప్పే మాట ఎప్పుడూ అవతలివాళ్లదే. ఆమె ఎన్నడూ అనలేదు.

"అందింది" అని ఫోన్ పెట్టేసింది.

బూట్లకంటిన మంచు కరిగి గచ్చు మీద నీళ్లు నిలిచాయి. గుడ్డ కోసం వంటింట్లోకి వెళ్లింది.