మేం పోయేసరికే కోసి ఉన్న గువ్వ

నేను పది మాటలు చెప్తే తొమ్మిది అబద్ధాలే ఉంటయని నా పెండ్లాం మా అత్తగారింట్ల అందరి ముంగట చెప్పింది. ఒప్పుకుంటున్న. కానీ ఇది ఆ పదో మాట. ఒట్టు పెట్టుమంటే పెడత... ఎవరి మీద పెట్టుమన్నా సరే. నా మీద మాత్రం వద్దు, నేను పోతే తిట్టేటందుకు ఆమెకు మనిషి దొరకడు.

ఇంకోటి కూడా ముందే చెప్పాలె. ఏడో తరగతిల బడి బంద్ పెట్టిన. లెక్కల సారు సుద్దముక్క విసిరితే ఆఖరి బెంచీల ఉన్న నా నెత్తికి సక్కగ తగిలేది. అదే ముక్క నేను మల్ల విసిరితే కిటికీల కెల్లి బయటికి పోయేది. అసొంటి నా చేతికి ఖతార్‌ల ఎయిర్ గన్ ఇచ్చిన్రు.

ఖతార్‌కు ఉత్తరాన, షమాల్ దిక్కు ఒక మజ్రా. మజ్రా అంటే తోట. ఖర్జూరం చెట్లు, టమాటా షెడ్లు, పది మేకలు. చుట్టూ గోడ. గోడ అవతల ఇసుక... ఇంక ఇసుకే. పండ్లను పిట్టలు పొడవకుంట బెదరగొట్టుడు నా డ్యూటీ. దానికే ఆ గన్. నడుమ విరిచి ఛర్ర... చిన్న సీసం గుండు... పెట్టి, మల్ల కలిపి కొట్టాలె. తోటల ఎంతన్న కొట్టుకో, గోడ దాటి మాత్రం కాల్చొద్దని కఫీల్ కొడుకు, అంటే మా ఆసామి కొడుకు, గట్టిగ చెప్పిండు.

గదిల ముగ్గురం. నేను, కోరుట్ల యాకూబ్, వాని మేనమామ ఖాజా చాచా. చాచా ఆ తోటల ముసలోడైండు. యాకూబ్‌కు వీసా తీసింది ఆయనే, నాకు డ్యూటీ నేర్పింది ఆయనే. పడ్డ గువ్వను కోసుడు యాకూబ్‌కు నేర్పింది కూడా ఆయనే. ఆయన పద్ధతే వేరు. ముందుగాల వేళ్ళు తడిపి పిట్ట నోట్ల నీళ్ళు పోస్తడు, దూప తోని పోవద్దని. నెత్తురు పడేటందుకు ఇసుకల వేలుతోని చిన్న గుంత తీస్తడు. కోసినంక కత్తిని లుంగీకి రెండుసార్లు తుడుస్తడు. సర్... సర్... అంతే. నేను ఆ చప్పుడు ఎన్నిసార్లు ఇన్ననో.

మా ఊర్ల కూడ యాటను ముల్లా సాబే కోసేది. ఆయన వాటా తీసి పక్కకు పెట్టినంకనే మా కూర పొయ్యెక్కేది. ఆ వాటా గిన్నె వాళ్ళింటికి మోసేది నేనే. అందుకే చాచా కోసుడు చూస్తే నాకు ఇల్లు యాదికొచ్చేది.

ఆ యేడు చాచాకు జరం వచ్చింది. జరం పోయింది గాని ఆకలి రాలే. ఏది తిన్నా నిలుస్తలేదు. క్లినిక్‌ల సెలైన్ పెట్టి, తినిపియ్యుర్రి అన్నరు. తినిపిస్తే కక్కుతుండు. కంపెనీ ఇంటికి టికెట్ ఇచ్చింది. ఒకసారి తారీఖు మారింది, మనిషి లేచి కూసుంటలేడని. కూసోలేనోన్ని విమానం ఎక్కించుకోరు. ఇంకో మూడు దినాలల్ల మల్ల టికెట్. అదీ పోతే... యాకూబ్ ఆ మాట పూర్తి చెయ్యకపోయేది. నేనూ అడగకపోయేది.

ఆ సాయంత్రం చాచా గోడ దిక్కు తిరిగి పండుకొని మెల్లగ అన్నడు.

"గువ్వ షోర్వా అయితే... రెండు గుక్కలు తాగుతనేమో, బేటా."

ఫ్రిజ్‌ల కోడి ఉన్నది. దాని వాసనకే ఓకారం వస్తుందన్నడు. గువ్వనే కావాలె.

ఇగ ఇక్కడ ఒక చిక్కు. తలకు తగిలి పిట్ట అక్కడికక్కడే చచ్చిందనుకో, చాచా ముట్టడు. పానం ఉండంగనే కొయ్యాలె. అంటే నేను మంచిగ కొట్టొద్దు. రెక్కకు తగలాలె, పడాలె, యాకూబ్ కత్తి పట్టుకొని ఉరకాలె. దునియాల నా గురి పనికొచ్చే నౌకరి అదొక్కటే.

మగ్రిబ్ అయింది. చీకటి పడుతున్నది. చెట్ల మీద టార్చ్ కొట్టి చూస్తే ఒక్క గువ్వ లేదు. ఎట్లుంటయి? వారం సంది నేనే బెదరగొట్టి ఎల్లగొట్టిన. అన్నీ పోయి గోడ అవతల పాత ఊర్ల వాలినయి. ఒకప్పుడు చేపలు పట్టేటోళ్ళు ఉన్న ఊరట. ఎప్పుడో ఇడిచిపెట్టి పోయిన్రు. కప్పులు కూలినయి, గోడలు నిలబడ్డయి.

"కఫీల్ కొడుకు చూస్తే?" అన్న.

"చూస్తే నీ గురి చూసి నవ్వుకుంట పోతడు. ఎక్కు," అన్నడు యాకూబ్.

గోడ దుంకినం. నడుస్తుంటే మా చెప్పుల చప్పుడు తప్ప ఏం లేదు. ఎనుక దూరంగ మా తోట బోరు మోటరు గుర్ర్... అంటున్నది. ఊర్లకు పోయేసరికి ఆ చప్పుడు కూడా ఆగింది. గోడలు అడ్డమొచ్చినయి కావచ్చు. అప్పుడు అట్లనే అనుకున్న.

ఒక గోడ మీద రెండు గువ్వలు. కొట్టిన. ఒకటి పడ్డది. యాకూబ్ ఉరికిండు... మెల్లగ నడుసుకుంట వచ్చిండు.

"తలకే తగిలింది."

"తలకా?"

"ఇన్నేండ్లల్ల ఒక్కనాడు తగలలే. ఇయ్యాలనే తగలాల్నారా నీకు?"

నవ్వుదామనుకున్న గాని వాని గొంతు విని నవ్వు రాలే. ఆ పిట్టను ఇసుకల పూడ్చినం. మిగిలినయి ఎగిరిపోయినయి. ఒక్కటే ఉన్నది... ఊరి చివర ఒక ఇంటి గోడ మీద. ఛర్ర పెట్టిన. రెక్క... రెక్క... అనుకుంట కొట్టిన.

పడ్డది. మా దిక్కు కాదు. గోడ అవతల, ఇంట్లకు.

టప... టప టప... టప... రెక్కలు ఇసుకను కొడుతున్నయి. బతికే ఉన్నది. యాకూబ్ కత్తి తీసిండు. ఇద్దరం వాకిలి దిక్కు ఉరికినం. తలుపు లేదు, కంత ఉన్నది. ఇంకో నాలుగు అడుగులేస్తే లోపల ఉంటం.

టప టప... టప...

ఆగింది.

చచ్చేటి పిట్ట అట్ల ఆగదు. నేను చూసిన కదా ఎన్నిటినో. మెల్లగ తగ్గుతది, మల్లోసారి కొట్టుకుంటది, అప్పుడు ఆగుతది. ఇది అట్ల కాదు... ఎవరో రెండు చేతులతోని పట్టుకుంటే ఆగినట్టు ఆగింది.

మేం కూడా ఆగినం.

ఏం లేదు. గాలి లేదు. యాకూబ్ ఊపిరి ఇనబడుతుంది. నాది కూడా.

అప్పుడు... లోపల్నుంచి...

సర్...

సర్...

యాకూబ్ నా మోచెయ్యి పట్టుకున్నడు. గోళ్ళు దిగినయి. నేను వాని ఇంకో చెయ్యి చూసిన. కత్తి ఆ చేతిలనే ఉన్నది. పొడిగ.

"ఇన్నవా?" అన్నడు.

"ఏంది?"

"నువ్వే చెప్పు."

"నువ్వు ముందు చెప్పు."

యాకూబ్ లోపటికి ఇనబడేటట్టు పిలిచిండు. "భాయ్... కౌన్ హై?" నేను నాకొచ్చిన అరబ్బీ అంతా వాడిన. "సదీక్..." అంటే దోస్తు. అంతే, నాకొచ్చింది అదొక్కటే.

ఫోన్ టార్చ్ పట్టుకొని లోపట కాలు పెట్టిన. ఒకటే అర్ర. కప్పు లేదు, పైన ఆకాశం. ఇంకో వాకిలి లేదు. గోడలు నాకంటే ఎత్తు. కింద ఇసుక, గాలికి అలలు అలలుగ పరుసుకున్నది. ఆ అలలు ఎక్కడా చెడలేదు. ఒక్క అడుగు లేదు. మూలకు గువ్వ ఉన్నది.

పండుకోబెట్టినట్టున్నది. మెడ సాఫ్‌గ కోసి ఉన్నది. మెడ కింద ఇసుకల చిన్న గుంత... వేలుతోని తీసినంత. అండ్ల నెత్తురు. ఇంకా ఇంకలే.

టార్చ్ దగ్గరికి తీసుకపోయిన. ముక్కు కొసకు ఏందో మెరుస్తుంది. నీళ్ళ సుక్క. ఆ ఎండిన ఇంట్ల... ఒక్క నీళ్ళ సుక్క. నేను చూస్తుండంగనే అది కొంచెం సాగింది... ఇంకొంచెం సాగింది... రాలింది. ఇసుకల చిన్న మచ్చ అయింది.

"ఖిబ్లా దిక్కే... మక్కా దిక్కే పెట్టిన్రు," అన్నడు యాకూబ్ నా ఎనుక నుంచి. గుసగుసగ.

"పోదాం. ఇడిసిపెట్టు దాన్ని."

"మామూకు దొరికింది ఇదొక్కటేరా."

వాడే వంగి తీసిండు, దస్తిల చుట్టిండు. వచ్చేటప్పుడు ఉరికినం. గోడ ఎట్ల ఎక్కిననో తెల్వదు. నాకు ఒకటే భయం. నీళ్ళు, గుంత, కత్తి తుడుసుడు... మూడూ చాచా పద్ధతే. గదిల మంచం మీద మనిషి ఉన్నడా... పోయిండా...

తలుపు తీసినం. చాచా గోడ దిక్కు తిరిగి ఉన్నడు, మేం పోయినప్పుడు ఉన్నట్టే.

"మామూ."

యాకూబ్ మంచం దగ్గరికి పోయిండు.

"మామూ."

దుప్పటి కదిలింది. "దొరికిందా, బేటా?"

యాకూబ్ కింద కూలబడ్డడు. నేను సిగ్గు లేకుంట చాచా కాళ్ళు చూసిన. ఇసుక లేదు. చెప్పులు మంచం కింద, పొద్దున నేను జరిపిన కాన్నే ఉన్నయి.

యాకూబ్ అబద్ధం చెప్పలే. జరిగింది జరిగినట్టు చెప్పిండు. ఎవడు కోసిండో తెల్వదు, దేవుని పేరు తీసిండో లేదో తెల్వదు, నీకు పెట్టాల్నా వద్దా నువ్వే చెప్పు మామూ అన్నడు. నేను దస్తి దిక్కు చూస్తున్న. ఇది కూడా వద్దంటే ఇంకేం లేదు. టికెట్ లేదు, ఇల్లు లేదు, ఏం లేదు.

అప్పుడు చాచా ఒక్కటే అడిగిండు. "నీళ్ళు తాపిండా?"

"తాపిండు చాచా," అన్న. "నేను చూసిన."

"అయితే వండుర్రి. బిస్మిల్లా నేను అంట."

ఉల్లిగడ్డ, అల్లం, మిరియాలు. నేనే వండిన. వండుతున్నంత సేపు కిటికీ దిక్కు చూడలే. యాకూబ్ లేపి పట్టుకున్నడు. చాచా రెండు గుక్కలన్నోడు గిన్నె ఖాళీ చేసిండు. మేం రాత్రంత, పొద్దుపొడుపు దాక చూసుకుంట కూసున్నం, కక్కుతడేమోనని. కక్కలే. తెల్లారి తనంతట తనే లేచి కూసున్నడు.

మధ్యాహ్నం ఎండల, ధైర్యం ఉన్నప్పుడు, నేనొక్కన్నే ఆ ఇంటికి పోయిన. మా అడుగులు ఉన్నయి. లోపటికి పోయినవి, బయటికొచ్చినవి. మూలకు గుంత మాత్రం లేదు. నెత్తురు మరక లేదు. ఇసుక సాఫ్‌గ అలలు అలలుగ ఉన్నది.

బర్వా అల్ బరాహాల, కూలోళ్ళు ఉండే క్యాంపుల, దోస్తులకు చెప్తే తలా ఒకటి అన్నరు. మేకలు కాసే సూడాన్ మనిషెవడో గోడ దుంకి పోయిండన్నడు ఒకడు. మరి అడుగులేవిరా అంటే, నువ్వు టార్చ్ సక్కగ పట్టి ఉండవు అన్నడు. యాకూబ్ ఇప్పటికీ ఆ ముచ్చట తీస్తే లేచి బయటికి పోతడు. నాకైతే తెల్వదు. మనిషా, ఇంకేమన్నా... తెల్వదు.

చాచాను అడుగుదామంటే ఇప్పుడు లేడు. ఇంటికి పోయిండు, మనుమల నడుమ కొన్ని నెలలు ఉన్నడు, ఒక పొద్దు నిద్రల్నే పోయిండు. నేను ఆయన్ను అడిగింది ఒక్కసారే, ఎయిర్‌పోర్ట్‌ల, వీల్‌చైర్ లోపటికి పోయే ముంగట. వంగి చెవుల అన్న: "చాచా, నిజం చెప్పు, ఆ దినం వచ్చి కోసింది నువ్వే కదా? మంచంల పడ్డా డ్యూటీ ఇడువవా?"

చాచా నవ్వుతడనుకున్న. నవ్వలే. నా మొకం దిక్కు చూసి అన్నడు:

"కోసిందెవడని మూడు దినాల సంది అందర్ని అడుగుతున్నవ్. కోసినోని వాటా ఒక్క ముక్క తీసి పెట్టిన్రా అని ఒక్కపారన్న అడిగినవా, బేటా?"