మా బావ చేతిలో తాడు

మా బావ పోయాడు. బోధన్ నుంచి ఫోన్ చేసిన మనిషి సంగతి చెప్పి, నేను ఏడుస్తానేమోనని కాసేపు ఆగాడు. నేను ఏడవలేదు. "ఎప్పుడు?" అని అడిగి, ఫోన్ పెట్టేసి, సగంలో వదిలిన చాయ్ తాగాను. అబద్ధం రాయడం ఇష్టం లేదు కాబట్టి ముందే చెబుతున్నాను. ఆయనకూ నాకూ చాలా ఏళ్లుగా మాటల్లేవు. మా అక్కకు ఆయన భర్త, నాకు శత్రువు. శత్రుత్వం మాత్రం ఏ లోటూ లేకుండా చేశాడు.

ఇది రాయమన్నది మా అక్క. దినాలైన మర్నాడు బీడీల చాట ముందేసుకుని కూర్చుని, "ఆయన మీద జర రాయి తమ్మీ," అంది.

"మంచిగ రాసేటోళ్లు మస్తుమంది ఉన్నరు గదనే అక్కా."

"మంచిగ రాస్తె ఆయనకు గిట్టది. ఉన్నది రాయి."

సరే, ఉన్నదే రాస్తున్నాను.

చివరిచూపుకు వెళ్లిన రోజు, ఆ ఇంటి ముందు టెంటు కింద కూర్చున్నవాళ్లంతా ఆయన్ని తెగ పొగుడుతున్నారు. బతికుండగా ఆయన వీధి మలుపులో కనిపిస్తే లోపలికి పోయి తలుపేసుకున్నవాళ్లే "దేవునసొంటి మనిషి" అంటుంటే నాకు ఒళ్లు మండింది. ఆయన దేవుడు కాడు. నోట్లో బీడీ లేకపోతే తిట్టు ఉండేది. అక్క వండిన కూర బాగుందని ఒక్కనాడూ అనలేదు. పెళ్లికి పోతే పెళ్లికొడుకు తండ్రితో, చావుకు పోతే పాడె కట్టేవాడితో తగువు పెట్టుకునేవాడు. నేను ఒక మూల నిలబడి, పాడె లేచాక అందరితో పాటు నడిచి, స్నానం చేసి తిరిగి వచ్చాను. చావింటి నుంచి కదిలేటప్పుడు "పోయొస్త" అనకూడదు కదా. ఎవరూ అనలేదు, నేనూ అనలేదు.

ఆ "పోయొస్త" గురించే మీకు చెప్పాలి. దానికంటే ముందు మా పని గురించి చెప్పాలి.

ఎనభైల్లో మేమిద్దరం ఒక ప్రాజెక్టులో నీళ్లలోకి దిగి పనిచేసేవాళ్లం. నాకు ఆ నౌకరీ పెట్టించింది ఆయనే. తూముకు దుంగ అడ్డం పడినా, గేటు కింద రాయి ఇరుక్కున్నా మేం దిగి తీయాలి. వీపు మీద సిలిండరు, దాని నుంచి నోటి దాకా రెండు ముడతల గొట్టాలు, ఒకటి పీల్చే గాలికి, ఒకటి వదిలే గాలికి. ఊపిరి వదిలితే బుడగలు మెడ వెనక నుంచి గుడగుడమని పోయేవి. నడుముకు ఒక తాడు, దాని రెండో కొస ఒడ్డు మీద ఒక మనిషి చేతిలో. బురద నీళ్లలో మన చెయ్యి మనకే కనబడదు. నోట్లో గొట్టం కాబట్టి మాట లేదు. ఏం చెప్పాలన్నా తాడుతోనే చెప్పాలి. ఒకసారి లాగితే బాగున్నానని. గట్టిగా, వెంటవెంటనే లాగితే నన్ను పైకి తీయమని. నేను దిగితే తాడు మా బావ పట్టేవాడు.

నాకొక అలవాటు ఉండేది. ఇంట్లోంచి అడుగు బయటపెడితే "పోయొస్త" అననిదే మా అవ్వ కదలనిచ్చేది కాదు. పొరపాటున "పోత" అన్నామో, వీపు పగిలేది. ఇంట్లోవాళ్లు "రా" అని జవాబు చెప్పాలి, అప్పుడే గడప దాటాలి. మరి నోట్లో గొట్టం పెట్టుకున్నవాడు ఎట్లా అంటాడు? అందుకని ఛాతీ లోతు దాకా దిగాక తాడును రెండుసార్లు మెల్లగా కదిలించేవాణ్ణి. మా పనిలో అట్లాంటి సైగ ఏదీ లేదు. మొదటిసారి మా బావ తిట్టాడు.

"ఏందిర అది, చేప కొరికినట్టు?"

ఏమిటో చెప్పాను. ఆయన బీడీ పారేసి అటు తిరిగాడు. మర్నాడు నేను కదిలిస్తే, పై నుంచి కూడా తాడు ఒక్కసారి మెల్లగా కదిలింది. రా, అని.

పగ మొదలైంది కూడా ఆ తాడు దగ్గరే. ఒక వానాకాలం తూములో పెద్ద దుంగ ఇరుక్కుంది. నేను దిగి, తడుముకుంటూ పోయి, గొలుసు దాని చుట్టూ తిప్పాను. కొక్కెం పెట్టడమే మిగిలింది. అంతలో నడుము కోసుకుపోయేట్టు తాడు బిగుసుకుంది. ఏం జరుగుతోందో తెలిసేలోపే ఒడ్డు మీద పడి దగ్గుతున్నాను.

"ఎందుకు గుంజినవ్ బావా? కొక్కెం పడుతుండె!"

"నేను గుంజుడేంది? నువ్వు గుంజినవ్, నేను తీసిన."

"నేను గుంజలే."

"తాడు అబద్ధం చెప్పది," అన్నాడు.

గొడుగు కింద నిలబడ్డ ఇంజనీరు ఏమైందని అడిగాడు. "పిలగానికి భయమైంది సార్. గుంజిండు," అన్నాడు మా బావ. అంతే. నన్ను నీళ్ల నుంచి తీసి స్టోర్‌లో నట్లు బోల్టుల దగ్గర కూర్చోబెట్టారు. అప్పటి నుంచి నా పేరు "గుంజినోడు". క్యాంటీన్‌లోకి పోతే "గుంజినోడు వచ్చిండు, చాయ్ పొయ్యిరి," అనేవారు. నాకు పిల్లను చూడటానికి రెంజల్ పోతే ఆ పేరు నాకంటే ముందే అక్కడికి చేరింది. ఇప్పటికీ చెబుతున్నాను, నేను గుంజలేదు. కొక్కెం నా వేళ్ల మధ్యే ఉంది. దాని చల్లదనం నాకింకా గుర్తుంది. ఆ సాయంత్రం నుంచి నేను ఆయనతో మాట్లాడలేదు. ఆయనా బతిమాలలేదు. నేను అక్క ఇంటికి పోతే ఇద్దరం చెరో గోడకు మొహం పెట్టి అన్నం తినేవాళ్లం. "మీ ఇద్దరి నడుమ మాటలు మోసి మోసి నా నోరు అరిగిపోయింది," అనేది అక్క.

తొంభైల్లో కొత్త సామాను వచ్చి, పాతది వేలానికి పోయింది. వర్క్‌షాపులో ఆ గొట్టాలకు మరమ్మతు చేసిన చాచా ఒకాయన నిజామాబాద్‌లో ఉండేవాడు. ఆయన వాటిని పాత ఇనుముకు పోనివ్వకుండా ఇంటికి తెచ్చుకుని, రబ్బరు పగిలిన చోట అతుకులేసి, కన్నబిడ్డల్లా చూసుకునేవాడు. మమ్మల్ని కూడగట్టిందీ ఆయనే. బోధన్ రోడ్డు పక్కన రాయి కొట్టడం మానేసిన క్వారీ ఒకటి ఉంది. అందులో ఊట ఊరి, దసరా తర్వాత నీళ్లు తేటపడి పచ్చగా ఉంటాయి. ఏడాదికొకసారి పాత డైవర్లందరం అక్కడ కలిసేవాళ్లం. పాత సామానుతో మాత్రమే దిగాలి, అది చాచా షరతు. ఒడ్డున మూడు రాళ్ల పొయ్యి మీద బగారా అన్నం, మటన్. చెరకు బండ్ల మీద పోయేవాళ్లు ఆగి "ఎవరు పడ్డరు?" అని అడిగేవారు. క్వారీలోకి మనుషులు దిగుతున్నారంటే శవం కోసమేనని వాళ్ల లెక్క. "ఇంక ఎవ్వలు పడలే. నువ్వు పడ్తవా?" అనేవాడు మా బావ.

మొదటి ఏడు నా తాడు పట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు. గుంజినోడి తాడు ఎవడు పడతాడు? సిలిండరు వీపున కట్టుకుని వెర్రిమొహం వేసుకుని నిలబడ్డాను. అప్పుడు మా బావ వచ్చి, నా వైపు చూడకుండా కొస అందుకుని, మడతపెట్టిన చక్కెర సంచి ఒకటి బండ మీద వేసుకుని కూర్చున్నాడు.

"ఆయన పట్టుకుంటె నేను దిగ," అన్నాను చాచాతో.

"అరె బేటా, ఇంకెవ్వలు పడ్తలేరు గదా," అన్నాడు చాచా.

నా పేరు చెడగొట్టిన మనిషి చేతిలోనే నా ప్రాణం పెట్టాలి, లేదంటే బట్టలు వేసుకుని ఇంటికి పోవాలి. నాకు నీళ్లంటే పిచ్చి. దిగాను. ఛాతీ లోతుకు వచ్చాక, నా చెయ్యి నన్ను అడగకుండానే తాడును రెండుసార్లు కదిలించింది. ఆ చేతిని నరుక్కుందామన్నంత కోపం వచ్చింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత పై నుంచి ఒక్క కదలిక వచ్చింది. ఒడ్డుకు వచ్చాక ఆయన చాచాతో అంటున్నాడు: "వాని చెయ్యి స్థిరంగ లేదు. ఊకె తాడు ఆడిస్తడు."

ఏటా అదే. తిట్లన్నీ చాచా మీదుగా వచ్చేవి. "వానికి చెప్పు, పొట్ట పెరిగింది, తాడు సాలది." "వానికి చెప్పు, బెల్టు గట్ల కట్టేటోడు పెండ్లికి పోవాలె, నీళ్లకు గాదు." నేనూ తక్కువ తినలేదు. "ఆయన బీడీ దగ్గుకు నీళ్లల్ల చేపలు బెదురుతున్నయని చెప్పు," అనేవాణ్ణి. హైదరాబాద్ నుంచి మెరిసే కొత్త సామానుతో కొందరు సరదాగా చూడటానికి వచ్చి, మా గొట్టాలను చూసి నవ్వితే, "నగుడు నీళ్లల్ల నగురి, జర సేపు సూస్త," అని మా బావ వాళ్లను బండి ఎక్కేదాకా తరిమాడు. ఆ ఒక్కసారి నేను ఆయన పక్కన నిలబడ్డాను. అదీ నాలుగడుగుల దూరంలో.

ఒక ఏడు నేను అడుగున ఉండగా తాడు బిగుసుకుని నన్ను పైకి లాగేసింది. నేను సైగ ఇవ్వలేదు. పైకి వచ్చి చూస్తే గొట్టం అతుకు ఊడింది, అడుగున నాకు తెలియనే లేదు. బుడగలు ఉండాల్సిన చోట కాక పక్కన లేస్తున్నాయని ఆయన చూశాడట. "వాడు సస్తె మా ఇంటామె నా పానం తింటది," అని చాచా మీద అరిచాడు. నాకు అదంతా తలకెక్కలేదు. ఎక్కింది ఒక్కటే, సైగ లేకుండానే లాగాడని.

"చూసిన్రా?" అన్నాను. "నేను గుంజకున్న గుంజుతడు! ఆనాడు గూడ గంతే!"

మా బావ చాచా వైపే చూస్తూ అన్నాడు: "గుంజిననాడు గుంజిన అంట. గుంజనినాడు గుంజలే అంట. వాని లెక్క గాదు నేను."

ఆ రోజు అన్నం తినకుండా బస్సెక్కి ఇంటికి వచ్చేశాను.

పోయిన ఏడు ఆయన మనిషి సగమయ్యాడు. తాడు చేతికి చుట్టుకుంటే ఎవరినైనా బూతులు తిట్టేవాడు, అట్లా పట్టడం తప్పు. అట్లాంటిది తనే మణికట్టుకు చుట్టుకుని కూర్చున్నాడు, పట్టు చాలక. అన్నాల దగ్గర ఆయన చేతి మీద ఎర్రగా కమిలిన తాడు అచ్చు చూశాను. జాలి కలగలేదు, కోపం వచ్చింది. ఇంత చేతగానప్పుడు ఇంటి దగ్గర పడుండక ఎందుకు వచ్చాడని. ఇంకో మాట కూడా ఉన్నది ఉన్నట్టు రాయాలి. ఆయన తాడు పట్టినంత కాలం నీళ్లలో నాకు ఒక్కనాడూ భయం వేయలేదు. ఈ మాట చచ్చినా ఆయన ముందు అనేవాణ్ణి కాదు, అనలేదు కూడా.

ఈ ఏడు దసరా వెళ్లాక, బావ బండ మీద వేసుకునే ఆ చక్కెర సంచి తెచ్చి అక్క నా చేతిలో పెట్టింది. "తీస్కపో," అంది.

"నాకెందుకే?"

"నీకని ఎవలన్నరు? ఆ బండకు."

క్వారీ దగ్గర దాన్ని బండ మీద పరిచాను. ఎవరూ దాని మీద కూర్చోలేదు. తాడు చాచా పట్టాడు. నేను గొట్టం నోట్లో పెట్టుకుని ఛాతీ లోతు దాకా దిగాను. చెయ్యి దాని అలవాటు అది మానలేదు, తాడును రెండుసార్లు మెల్లగా కదిలించింది. తల ముంచి ఎదురుచూశాను.

జవాబు నడుము విరిగేట్టు వచ్చింది. చాచా, ఇంకో ఇద్దరు కలిసి నన్ను రాళ్ల మీదుగా ఒడ్డుకు ఈడ్చేశారు. మోకాలు చీరుకుపోయింది.

"క్యా హువా బేటా? ఎందుకు గుంజినవ్?" చాచా నా నడుము తాడు విప్పుతూ అడిగాడు.

గుంజలే అన్న మాట నాలుక చివరికి వచ్చేసింది. వెనక ఎవరో "మల్ల గుంజిండు," అన్నారు మెల్లగా. నేను బండ వైపు చూశాను. అది గుంజడం కాదు, వేరే మాట అని చెప్పగలిగినవాడు లోకంలో ఒక్కడే ఉండేవాడు. నన్ను గుంజినోణ్ణి చేసిందీ వాడే.

"పోయొస్త అని కదిపిన చాచా," అంటే చాలు, నా పేరు బాగుపడేది. కానీ చాచా ఊరుకోడు, మరి మీ బావ పై నుంచి ఏమనేవాడని అడుగుతాడు. అది నేను ఎవరికీ చెప్పదలచుకోలేదు.

"భయమైంది చాచా," అన్నాను.

అందరూ స్థిమితపడ్డారు. ఎవరో నా భుజాల మీద తువాల కప్పారు. చాచా తాడు చుట్టలు చుట్టి, ఎక్కడ పెట్టాలో తోచక అటూ ఇటూ చూసి, తీసుకుపోయి బండ మీది సంచి మీద పెట్టాడు. తాడు తడిగా ఉంది. సంచి ఆ నీళ్లు పీల్చుకుంటూ చుట్టూ మెల్లగా నల్లబడింది.