సంగటి మీద ఒట్టు

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మింగలేక, కక్కలేక బతుకుతున్నాను. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకే చెబుతున్నాను. ఓదార్చకండి, ఒళ్లు మండుతుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో బెంగళూరులో మందుల పరీక్షలకు లెక్కలు కట్టేవాణ్ని. పేరున్న మాత్రా, కొత్తగా చేసిన మాత్రా ఒకేలా పనిచేస్తాయా అని చూడటానికి, ఒకే మనిషికి కొన్నాళ్ల తేడాతో రెండూ ఇచ్చి నెత్తురు తీస్తారు. కొన్ని మందులు ఒకే మనిషి ఒంట్లో ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా కలుస్తాయి. ఆ తేడా ఎంతో ముందు కొద్దిమందిలో చూసి, పెద్ద పరీక్షకు ఎంతమంది కావాలో చెప్పడం నా పని. తేడా ఎక్కువైతే మనుషులూ ఎక్కువ కావాలి.

మనుషుల్ని మా అనంతపురం నుంచే తెచ్చేవాళ్లం. వానల్లేక వేరుశనగ ఎండిన ఏడాది, యాడికి అనే ఊరి దగ్గరి పల్లె నుంచి వచ్చినవాళ్లలో ఓబులేసు ఒకడు. అతని రెండు ఫలితాలకూ పొంతన లేదు. అతన్ని కలిపితే తేడా పెరుగుతుంది. మేనేజరుకు తక్కువమందితో పని కావాలి, నాకు మేనేజరు మెప్పు కావాలి. ఊరికే తీసేయడానికి లేదు, కారణం చూపాలి. పరగడుపున ఉండమంటే దొంగచాటుగా తిన్నాడని రాశాను. ఎవరు చూశారు? ఎవరూ చూడలేదు.

పెద్ద పరీక్షకు మనుషుల కోసం ఆ పల్లెకు వెళితే, ఓబులేసు ఎందుకు వద్దని ఊళ్లోవాళ్లు అడిగారు. నలుగురిలో అదే అబద్ధం చెప్పాను. సంగటి ముందు కూర్చున్న ఓబులేసు ముద్ద మీద చెయ్యి పెట్టాడు.

“సంగటి ముట్టుకోని చెప్తాండా సార్. ఆ పొద్దు నేనేమీ తినలా.”

“నీ నెత్తురే చెప్తాండాది కదప్పా,” అన్నాను.

తిండి ముట్టి ఒట్టేస్తే మా వైపు ఇక ఎవరూ అనుమానించరు. ఆ రోజు అనుమానించారు. రాప్తాడు వాణ్ని, వాళ్ల యాసలోనే చెప్పాను కదా, నన్నే నమ్మారు. అతను తినకుండా లేచిపోయాడు.

నా లెక్క ప్రకారం తక్కువమందితో చేసిన ఆ పెద్ద పరీక్ష తేలలేదు. ఇంకా ఎక్కువమందిని తెచ్చి మళ్లీ నెత్తురు తీశారు. ఈసారి చాలామందిలో ఓబులేసులో కనబడ్డ తేడానే కనబడింది. ఆ మందు తీరే అంత. అంచనాలన్నాక తప్పుతాయిలే అని మేనేజరు నా భుజం తట్టాడు. ఆ చెయ్యి తలచుకుంటే ఇప్పటికీ కంపరం. అప్పుడైనా నోరు తెరిచానా? లేదు. ఏం మనిషిని నేను?

కొన్నేళ్లకు యాడికి బస్టాండులో ఎవరో “ఒరే దొంగకూడోడా” అని కేకేశారు. ఓబులేసు తిరిగి చూసి, “ఏమన్నా?” అన్నాడు. కోపం కూడా లేదు. అదే అతని పేరైపోయింది. నేను మొహం తిప్పుకుని బస్సెక్కాను.

మన్నించమని అడిగే మొహం లేదు. ఒక్కటి రాసి ఊపిరి పీల్చుకుంటాను. ఆ పొద్దు ఓబులేసు ఏమీ తినలేదు.