ఎర్రనాచు పొడి

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వెనక గల్లీలో శంకరమ్మ ముక్కుకు పేరుండేది. ఎన్నో పెళ్ళిళ్ళకు వండిన మనిషి. మూత తియ్యకుండానే పప్పు అడుగంటుతోందని చెప్పేది. ఆ ముక్కును నమ్మినంతగా ఆమె మనుషుల్ని నమ్మలేదు.

కోడలు కావ్య కాన్పయ్యాక పుల్లలా అయింది. పక్కింటి నర్సు గ్రేస్ ఒకనాడు గిన్నెలో పొడి పట్టుకొచ్చింది. రామేశ్వరం నుంచి తెప్పించిన ఎండు ఎర్రనాచును నువ్వులు, ఎల్లిపాయ వేసి దంచిందట.

“సముద్రంల పెరుగుతది అక్కా, మన ఆకుకూర లెక్కనే. బలానికి మంచిది. కావ్యకు అన్నంల కలిపి పెట్టు.”

శంకరమ్మ వాసన చూసింది. ఎండురొయ్యల వాసనే.

“శ్రావణమాసంల మా ఇంట్లకు నీసు తెస్తవా?”

“నీసు గాదక్కా, ఒట్టు.”

“నా ముక్కుకే చెప్తున్నవా! అంగట్ల రొయ్యపొట్టు ఏ మూలకున్నా నాకెరికైతది.”

నల్లా దగ్గర ఆడవాళ్ళందరూ చూస్తుండగా పొడిని మోరీలో కుమ్మరించింది. ఇరుగుపొరుగు గిన్నెను తిరిగి ఇచ్చేటప్పుడు అందులో పిడికెడు చక్కెరైనా వేస్తారు. ఈమె పసుపునీళ్ళతో కడిగి, ఉత్త గిన్నె వాళ్ళ గడపలో పెట్టి వచ్చింది.

కృష్ణాష్టమి వచ్చింది. చైనాగ్రాస్‌ను పాలల్లో మరిగించి, చల్లారి గడ్డకట్టాక ముక్కలు కోసి ఉపవాసమున్నవాళ్ళకు పంచడం శంకరమ్మకు ఏటా ఉన్నదే. పొయ్యి దగ్గర కావ్య ప్యాకెట్ తిప్పి చూసింది.

“అత్తమ్మా, గిది గూడ ఎర్రనాచుల నుంచే తీస్తరట.”

“ఊకో.”

“గీడ రాసుంది సూడు. నీసు గాదని పచ్చచుక్క గూడ ఉంది.”

శంకరమ్మ చూడలేదు. పాలు మాడుతున్న వాసన కూడా ముందు కావ్యకే తెలిసింది.

సాయంత్రం శంకరమ్మ గ్రేస్ ఇంటికి వెళ్ళింది. “తప్పైందే,” అంది నేలచూపులతో.

“నాకేం కోపం లేదక్కా. కానీ నిన్న ఎదురింటి రేణుకమ్మ బిడ్డకు సూది ఎయ్యవోతే నన్ను గుమ్మంలకు గూడ రానియ్యలే. నువ్వు అందరి ముంగట అన్నవు గద.”

తెల్లారి నల్లా దగ్గర శంకరమ్మ అందరికీ వినపడేలా చెప్పింది. “గ్రేస్ తెచ్చింది నీసు గాదు. నేనే మోసపోయిన.”

రేణుకమ్మ నవ్వింది. “నీ ముక్కు మోసపోతదా శంకరమ్మా? ఆమె మీద జాలితోని కప్పిపెడ్తున్నవ్. నీది పెద్దమనసు!”

“అవు మల్ల,” అన్నారు అందరూ.

కాదని చెప్పబోయేంతలో గ్రేస్ బిందెతో వచ్చింది. ఆడవాళ్ళు కొంగులు దగ్గరకు తీసుకుని, ఆమెకు తగలకుండా జరిగారు. శంకరమ్మ తల ఎత్తలేకపోయింది.