పాత కాగితాల ఆటోలో మా ఆపరేటింగ్ సిస్టమ్

ముత్తుకూరులో మా ప్లాంటు స్టోర్ రూమ్ ఈ రోజు ఖాళీ చేశారు. నేను వెళ్ళేసరికే పాత కంట్రోల్ కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్ సోర్స్ కోడ్ అచ్చేసిన ఆరు కట్టలూ, పాత కాగితాలు కొనే మస్తాన్ ఆటో ఎక్కేశాయి. దాన్ని తయారుచేసిన కంపెనీ మూతపడేముందు మాకిచ్చిన ప్రతి అది. ఇంకెక్కడా ఉన్నట్టు లేదు.

"అవి నాకు కావాలన్నా" అన్నాను.

"మిషనే పోయినాక ఇవేం చేసుకుంటారు సార్?"

"ఇరవై ఏళ్ళు దీన్ని నమ్ముకునే బాయిలర్ నడిపినాం."

మస్తాన్ కట్టలు దించాడు.

నడుము పట్టేసేలా మేడ మీదికి మోసుకొచ్చి, స్కాన్ చేద్దామని మొదటి పేజీ తీశాను. "కంపెనీ అనుమతి లేకుండా నకలు తీయరాదు" అని ఉంది. స్కానర్ ఆపేశాను. లేని కంపెనీని అనుమతి ఎలా అడగాలో మీలో ఎవరికైనా తెలుసా?